విడుదల పొందినవాని అనుదిన జీవితము

వాక్యభాగములు: నిర్గమకాండము 16వ అధ్యాయము, గలతీయులకు 2:11–14, 5:1, 13



గలతీ సంఘములకు పౌలు వ్రాసిన పత్రికలోని అయిదవ అధ్యాయపు మొదటి వచనము మీలో అనేకులకు కంఠస్థముగా వచ్చును. క్రీస్తు మన మెడనుండి తీసివేసిన కాడిని మనము తిరిగి ఎత్తుకొనరాదనియు, ఆయన ఇచ్చిన స్వాతంత్ర్యములో గట్టిగా నిలువవలెననియు అపొస్తలుడు అక్కడ హెచ్చరించుచున్నాడు. ఈ వచనములో నేను చాలకాలము గమనింపక దాటిపోయిన చిన్నమాట ఒకటి కలదు. అది ‘మరల’ అను మాట. ఇంకను బానిసత్వములో నున్నవారికి వ్రాసిన హెచ్చరిక కాదిది. సువార్త విని, బాప్తిస్మము తీసికొని, ఆత్మను పొంది, సంఘములో కూర్చున్నవారికి వ్రాసినది. ఒకసారి విడుదల పొందినవాడు రెండవసారి బానిస కాగలడా? కాగలడనియే పౌలు భయము. ఆ భయము లేనియెడల ఆయన ఆ పత్రికను అంత వేడిగా వ్రాసి యుండడు.

చెరసాలనుండి బయటికి వచ్చుట ఒక దినపు పని. బయట నిలుచుట దినదినపు పని. మొదటిదానిని దేవుడు తన కుమారుని రక్తముచేత చేసెను. అందులో మన చెయ్యి ఏమియు లేదు. రెండవదానికి ఆయన మనలను తోడు పిలుచుచున్నాడు. ఈ నెల ధ్యానమునకు ఈ రెండవ సంగతిని తీసికొనుచున్నాను.

మన పల్లెలలోని వృద్ధులకు దాస్యమనగా ఏమో ఎవరును చెప్పనక్కరలేదు. తండ్రి ఆసామియొద్ద తెచ్చిన కొద్దిపాటి రూకలకు కొడుకు పాలేరుగా కుదురుటయు, ఆ కొడుకు తరువాత వాని కొడుకు అదే దొడ్డిలో పేడ ఎత్తుటయు చూచినవారు మనలో ఇంకను ఉన్నారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, తీరినది ఎంత అను సంగతి వానికి తెలియదు. లెక్క అంతయు ఆసామి పుస్తకములోనే యుండెను. 1976లో భారత పార్లమెంటు వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టమును చేసెను. దానిచేత అట్టి అప్పులన్నియు చెల్లనివాయెను. అప్పు పేరిట మనిషిని కట్టివేసి పని చేయించుకొనుట నేరమాయెను. అది గొప్ప సంగతి, దేవునికి స్తోత్రము. అయితే విడిపింపబడినవారిలో కొందరు తిరిగి అదే గడపకు పోయిరి. ఎవరును త్రాడు కట్టి ఈడ్చుకొని పోలేదు. ఆషాఢమాసములో కుండలో గింజలు లేవు. బిడ్డకు జ్వరము వచ్చెను. ఇంట పెండ్లి ఒకటి దగ్గరపడెను. భూమి లేదు, ఎద్దు లేదు, మందుకు రూపాయి లేదు. అప్పుడు వానికి తెలిసిన తలుపు ఒక్కటే, పాత ఆసామి తలుపు. ఒక బస్తా జొన్నలకొరకు మనిషి తన సంవత్సరమును మరల తాకట్టు పెట్టెను.

అతనిని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు. కాగితముమీద వచ్చిన విడుదల కుండలోనికి రాకపోయినయెడల ఆకలిగొన్నవాడు ఏమి చేయును? మోషే ధర్మశాస్త్రము ఈ కష్టమును ఎరిగియున్నది. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో, ఆరేండ్లు సేవచేసిన దాసుని ఏడవయేట విడిచిపెట్టునప్పుడు వట్టిచేతులతో పంపరాదనియు, మందలోనుండియు కళ్లములోనుండియు ద్రాక్షగానుగలోనుండియు అతనికి ధారాళముగా ఇచ్చి పంపవలెననియు ఆజ్ఞ కలదు. మీరును ఐగుప్తులో దాసులై యుంటిరని జ్ఞాపకము చేసికొనుడనుటయే అక్కడ చెప్పబడిన కారణము. దానికి నేను ఒక మాట చేర్చుదును: వట్టిచేతులతో వెళ్లినవాడు తిరిగి వచ్చును. మన దేవుడు తన వారిని వట్టిచేతులతో విడిపించువాడు కాడు. అయితే ఆయన ఇచ్చు బత్తెమును ఏ విధముగా ఇచ్చుచున్నాడో మనము నేర్చుకొనవలసియున్నది.

ఇశ్రాయేలీయులు మొదటి నెల పదునైదవ దినమున ఐగుప్తునుండి బయలుదేరిరి. రెండవ నెల పదునైదవ దినమున సీను అరణ్యమునకు వచ్చిరి. అనగా సరిగా ఒక నెల. ఆ నెలలోనే వారు ఎఱ్ఱసముద్రమును దాటిరి, ఫరో రథములు మునుగుట కన్నులార చూచిరి, మిర్యాము తంబుర పట్టుకొని పాడగా విని యుండిరి. అంతలోనే మాంసపు కుండలు జ్ఞాపకము వచ్చెను. తరువాత సంఖ్యాకాండము 11వ అధ్యాయములో ఆ జ్ఞాపకము ఇంకను రుచిగా పెరిగినది: చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి! పైగా ఆ చేపలను ఐగుప్తులో ‘ఉచితముగా’ తింటిమని వారు చెప్పుకొనిరి. ఎంత ఆశ్చర్యము చూడుడి! ఏ నదిలో తమ మగపిల్లలు పారవేయబడిరో ఆ నది చేపలు ఉచితమట. ఇటుకల లెక్క మరచిపోయిరి, కొరడా మరచిపోయిరి. ఉల్లిపాయ మాత్రము జ్ఞాపకమున్నది. పాత జీవితము మనలను పిలుచునప్పుడు ఎల్లప్పుడు వంటయింటి వాసనతోనే పిలుచును గాని కొరడా చప్పుడుతో పిలువదు. త్రాగుడు మానిన సహోదరుని అడుగుడి, చెప్పును. అతనికి ఇప్పుడు జ్ఞాపకము వచ్చునది తాను బురదలో పడిన రాత్రి కాదు, స్నేహితులతో నవ్విన సాయంకాలము.

దీనికి దేవుడిచ్చిన మందు మన్నా. ఆయన తలచినయెడల ఒక సంవత్సరపు ధాన్యము ఒక్కసారి కురిపించి యుండవచ్చును. అట్లు చేయలేదు. మనిషికి ఒక ఓమెరు, అది ఆ దినమునకే. దాచుకొనినది పురుగుపట్టి కంపుకొట్టెను. ఎండ ఎక్కిన తరువాత వెళ్లినవానికి ఏమియు దొరకలేదు. ఆరవ దినమున మాత్రము రెండంతలు, ఏలయనగా ఏడవ దినము విశ్రాంతి దినము. ఇందులో ఒక సంగతి నా మనస్సును తాకినది. ఈ జనులు ఐగుప్తులో ఏమి కట్టిరి? ఫరోకు పీతోము, రామెసేసు అను ధాన్యపు నిల్వల పట్టణములను కట్టిరి. యజమానుని కొట్లు నింపుటకు తరతరములుగా అరిగిపోయిన చేతులవి. ఇప్పుడు ఆ చేతులకు కొట్టు లేకుండ బ్రదుకుట దేవుడు నేర్పుచున్నాడు. ఒక్క దినమైనను విశ్రాంతి ఎరుగనివారికి వారమునకొక దినము కూర్చుండుట నేర్పుచున్నాడు. ఒక్క రాత్రిలో దాటిన దాస్యమును మనస్సులోనుండి తీయుటకు నలువది సంవత్సరముల ఉదయములు పట్టెను.

మనలో అనేకులు నిలువచేసిన మన్నా తిని బ్రదుకవలెనని చూచుచున్నాము. ఎప్పుడో ఒక ఉజ్జీవ కూటములో కన్నీరు విడిచితిమి. ఆ కన్నీటి కథ పదియేండ్లుగా సాక్ష్యములో చెప్పుచున్నాము. కథ నిజమే. అయితే ఈ ఉదయము ఏరుకొనినది ఏది? నేడు తెల్లవారకమునుపే సెల్‌ఫోను చేతికి వచ్చుచున్నది. ఊరి తగవులు, దేశపు తగవులు, ఎవరో ఎవరినో తిట్టిన మాటలు అన్నియు దిండుమీదికి వచ్చి చేరుచున్నవి. బైబిలు తెరచువేళకు ఎండ ఎక్కినది. నేను పెద్ద నియమములు పెట్టబోవుట లేదు. పిల్లలు లేవకమునుపు, పొయ్యి వెలిగింపకమునుపు, పది వచనములు చదివి, ఆ దినపు భయము ఏదో దాని పేరు పెట్టి దేవునితో చెప్పుకొనుడి. దానియేలు మేడగదిలో కిటికీలు తెరచి దినమునకు మూడు పర్యాయములు ప్రార్థించుట రాజాజ్ఞ వచ్చిన తరువాత మొదలుపెట్టిన పని కాదు, ముందునుండియు ఉన్న అలవాటు. సింహపు గుహ ఎదురైన దినమున క్రొత్తగా నేర్చుకొందమనువానికి సమయము చాలదు.

ఇక ఈ ధ్యానములో నాకు అన్నిటికంటె బరువైన భాగమునకు వచ్చుచున్నాను. స్వాతంత్ర్యము పోగొట్టుకొనుటకు గొప్ప శోధన అవసరమని మనము తలంచుదుము. అంతియొకయలో పేతురు దానిని అన్నపు పళ్లెముదగ్గర పోగొట్టుకొనెను.

ఈ సంగతి గలతీ పత్రిక రెండవ అధ్యాయములో నున్నది. పేతురునకు సిద్ధాంతము తెలియక కాదు. యొప్పేలో మిద్దెమీద ప్రార్థించుచుండగా దుప్పటివంటి పాత్ర ఆకాశమునుండి దిగుట మూడు మారులు చూచినవాడు. కైసరయలో కొర్నేలీ యింటికి వెళ్లి, దేవుడు పక్షపాతి కాడని మొట్టమొదట ఒప్పుకొనినవాడు. దానికొరకు యెరూషలేములో సహోదరులు నిలదీసినప్పుడు జంకక సమాధానము చెప్పినవాడు. అట్టివాడు అంతియొకయలో అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండెను. యాకోబుయొద్దనుండి కొందరు రాగానే మెల్లగా వెనుకకు తగ్గి వేరుగా కూర్చుండెను. క్రీస్తును విడువుమని అతనిని ఎవరడిగిరి? ఎవరును అడుగలేదు. ఉపదేశములో ఒక మాట మార్చలేదు. విస్తరి మాత్రము ప్రక్కకు జరిపెను. కారణము పౌలు ఒక్క మాటలో చెప్పెను: భయపడెను. అతనిని చూచి తక్కిన యూదులు, వారిని చూచి బర్నబాయును అట్లే చేసిరి. బర్నబా! సౌలును ఎవరును నమ్మని కాలమున చేయిపట్టి తీసికొనివచ్చిన మంచివాడు కూడ ఆ వరుసలో కొట్టుకొని పోయెను. ఇట్టి అస్వాతంత్ర్యము అంటువ్యాధివంటిది, మంచివారిని మంచివారే అంటింతురు. అప్పుడు పౌలు అందరియెదుట పేతురును నిలదీసెను. వారి నడత సువార్త సత్యమునకు తిన్నగా లేదని ఆయన అభియోగము. గమనించుడి, సువార్త సత్యమునకు భోజనపు వరుస కొలబద్ద ఆయెను.

ఈ మాటలు వ్రాయుచున్న నాకు పేతురును నిందించు అధికారము లేదు. చెప్పుకొనుటకు సిగ్గైనను చెప్పెదను. నేను ఒక చిన్న సంఘమునకు క్రొత్తగా కాపరిగా వెళ్లిన దినములవి. ఆ ఊర విశ్వాసులు రెండు పేటలలో కాపురముండిరి. ఇరువురికి దేవాలయము ఒక్కటే, ప్రభువు బల్ల ఒక్కటే. సమాధుల తోటలు మాత్రము రెండు. క్రింది పేటలో ఒక విధవరాలు కుమారునికి ఉద్యోగము దొరికినందుకు కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకొనెను. ఆ మధ్యాహ్నము పై పేటకు చెందిన సంఘపెద్ద ఒకరు నాయొద్దకు వచ్చి, ఎంతో మర్యాదగా, “అయ్యగారూ, ప్రార్థన చేసి రండి. భోజనం మాత్రం మా ఇంట్లో పెట్టుకుందాం. మీరు కొత్తవారు కదా, పోనుపోను మీకే తెలుస్తుంది” అనెను. నేను ఔననలేదు, కాదనలేదు. సాయంకాలము ఆమె యింట రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయము చదివి, క్రీస్తు ప్రేమనుండి మనలను ఏదియు ఎడబాపలేదని అరగంట ప్రసంగించితిని. పిమ్మట ఆమె చాప పరచి, విస్తరి వేసి, నీళ్ల చెంబు పెట్టి పిలిచెను. నాటుకోడి కూర వాసన వాకిటివరకు వచ్చుచుండెను. “ఈ రోజు ఒంట్లో బాగాలేదమ్మా, ఏమీ తినలేను” అంటిని. ఆమె నా ముఖము చూచి, “సరే అయ్యగారూ” అని విస్తరి తీసివేసెను. పావుగంట గడువకమునుపే నేను పై పేటలో కూర్చుండి రెండవసారి అన్నము పెట్టించుకొనుచుంటిని.

నన్ను ఎవరును బెదిరింపలేదు. నా జీతము ఆపుదుమని అనలేదు. ఒక్క మర్యాదగల మాట చాలెను. ఆ రాత్రి నేను ఎవరి దాసుడను?

మన తెలుగు సంఘముల పితరులకు ఇట్టి పరీక్ష వచ్చినప్పుడు వారు మనవలె తప్పించుకొనలేదు. ఒంగోలు ప్రాంతపు చరిత్ర మీలో పెక్కుమందికి తెలిసినదే. తోలు వ్యాపారము చేసికొను యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది తాళ్లకొండపాడు ప్రాంతమున తన వారిమధ్య సువార్త చెప్పెను. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంతభాగము త్రవ్వించు పని తీసికొని వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. కరవు సహాయము జరుగుచున్నంతకాలము ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. కూడుకొరకు వచ్చిరను మాట రాకూడదని. పని ముగిసిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదిన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము వార్షికోత్సవములలో గర్వముగా చెప్పుకొందుము. అయితే నేను మీ దృష్టికి తెచ్చునది నాలుగవ తేది. నదినుండి తడిబట్టలతో ఇంటికి పోయినవారు మరునాడు లేచి ఏమి చేసిరి?

తొలి విశ్వాసులకు పెట్టబడిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. నేడు మనకు ఇవి మిక్కిలి తేలికగా తోచును. ఆ దినములలో ఒక్కొక్కటి ఎంత ఖరీదైనదో ఆలోచింపుడి. ఆదివారము పనికి రానని చెప్పుటయనగా, నా ఏడు దినములలో ఒకటి నీది కాదని ఆసామితో చెప్పుట. కోతకాలమున ఆ మాట చెప్పినవానికి సోమవారము కూలి దొరకునో లేదో! ఊరి చచ్చిన పశువు ఆ పేదవారికి ఆకలినాటి ఆహారము, పైగా ఊరు వారికి విధించిన అంతస్తునకు గుర్తు. దానిని వద్దనుట ఆకలినే గాక ఆ గుర్తును కూడ కాదనుట. ఇక జాతరలో డప్పు కొట్టుట వారికి తరతరముల వంతు; కొట్టమనుట ఊరిమీద తిరుగుబాటుగా ఎంచబడెను. కొన్ని గ్రామములలో పెద్దలు వారికి బావిని, బజారును నిషేధించి బాధించిరి. చదువురానివారు, పూరిపాకలవారు, పౌలు పత్రికను తమ కన్నులతో చదువలేనివారు, తమకు లభించిన స్వాతంత్ర్యమును ఒక ఆదివారము, ఒక ముద్ద, ఒక డప్పు అను మూడు చోట్ల కాపాడుకొనిరి. బావిదగ్గర నిలువనీయబడనివారి మనుమలము మనము. మన పెండ్లి పంక్తులలో ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టుచున్నామో, మన పిల్లల సంబంధములు చూచునప్పుడు మొదట ఏమి అడుగుచున్నామో, ఆ పితరులు లేచి వచ్చి చూచినయెడల ఏమందురు?

ఇక్కడ ఒక అభ్యంతరము రాగలదు. నియమములు పెట్టుకొనుట పౌలు వద్దనిన ధర్మశాస్త్రపు దాస్యము కాదా? మంచి ప్రశ్న, దీనిని తేలికగా దాటరాదు. గలతీయులు చేసినది ఏదనగా, దినములను మాసములను ఆచరించి, సున్నతి పొంది, దానివలన దేవునియెదుట నీతిమంతులు కాజూచిరి. నేటి ఉదయము బైబిలు చదివితిని గనుక దేవుడు నన్ను అంగీకరించును, చదువకపోతిని గనుక నా బస్సు తప్పిపోయెను అని మనము లెక్కవేయుట మొదలుపెట్టినప్పుడు మనమును గలతీయులమే. నేను అట్టి విశ్వాసులను ఎరుగుదును. ప్రార్థన వారికి కప్పముగా మారినది. కట్టిన దినము ధైర్యము, కట్టని దినము వణకు. తండ్రి యింట అన్నము తినుట కప్పము కాదు. బిడ్డ దినదినము తినునది బిడ్డ అగుటకు కాదు, బిడ్డయై యున్నాడు గనుకనే. ఒంగోలు పితరులు ఆదివారము మానివేసిన పనివలన పరలోకమును కొనుక్కొనలేదు. తమను కొనినవాడు వేరొకడని ఊరికి తెలియజేసిరి, అంతే.

మరియొక వైపున, విశ్వాసపు గృహములలో సహా పునాదిరాయి వేయుటకు రహస్యముగా మంచిగడియ అడిగించుకొనువారు కలరు. ఇరుగుపొరుగువారి ఆచారమును నేను విమర్శింపను, అది వారి విశ్వాసము. కాని పాదిరిచేత ప్రార్థన చేయించుకొని ముహూర్తము మరియొకచోట తెచ్చుకొనుటలో నున్న భయమును మాత్రము గుర్తించుడి. అట్లే అప్పులు. కుమార్తె పెండ్లికి అయిదువందలమందికి భోజనము పెట్టకపోయిన ఏమనుకొందురో అని నూటికి మూడు వడ్డీకి తెచ్చి, పది సంవత్సరములు ఆ వడ్డీవానికి కనబడకుండ సందులో తిరుగువాడు స్వతంత్రుడా? వెట్టి పోయినది, చట్టము వచ్చినది. పరువు అను ఆసామి పుస్తకము మాత్రము మూయబడలేదు. మన సంఘములలో ధనవంతులు ముందుగా చిన్న పెండ్లి చేసి చూపినయెడల బీదవారికి ఎంత విడుదల కలుగునో!

కోపమునుగూర్చియు ఒక మాట. సూర్యుడు అస్తమించువరకు కోపము నిలువరాదని ఎఫెసీ పత్రిక చెప్పుచున్నది. దీనికి వ్యాఖ్యానము అనవసరము. మన్నావలెనే క్షమాపణయు నిలువయుండదు. నిన్నటి పగ నేటి ఉదయమునకు పురుగుపట్టును.

పౌలు 13వ వచనములో స్వాతంత్ర్యమునకు ఒక పని చెప్పుచున్నాడు: శరీరమునకు చోటియ్యక, ప్రేమచేత ఒకనికొకడు దాసులై యుండవలెనట. భయముచేత ఎవరికిని దాసుడు కారాదు, ప్రేమచేత అందరికిని కావలెను. మార్టిన్ లూథరు 1520లో క్రైస్తవుని స్వాతంత్ర్యమునుగూర్చి వ్రాసిన చిన్న గ్రంథమంతయు ఈ రెండు కొసలను ఒకచోట కట్టుటకు చేసిన ప్రయత్నమే. అయితే ఆ ముడి గ్రంథములో కంటె ఇంటిలో త్వరగా అర్థమగును. జ్వరమువచ్చిన బిడ్డయొద్ద రాత్రియంతయు మేలుకొని కూర్చున్న తల్లిని ఎవరు నియమించిరి? ఎవరు జీతమిచ్చుచున్నారు? ఆమెకంటె బానిస లేదు, ఆమెకంటె స్వతంత్రురాలు లేదు. పంక్తిలో చివరివాని ప్రక్కన కూర్చుండుట, పొరుగు పేటలో చనిపోయినవాని పాడె మోయుటకు భుజమిచ్చుట, ఇట్టి పనులు భయపడువాని చేత కావు.

నా కథ సగములో విడిచితిని. ఆ రాత్రి తరువాత మూడు ఆదివారములు నేను ప్రసంగపీఠమెక్కి గట్టిగా మాటలాడలేకపోతిని. క్రింది పేటవారు ఎప్పటివలె వచ్చి వెనుక వరుసలలో కూర్చుండిరి. ఎవరును ఏమియు అనలేదు. ఆ మౌనమే నన్ను కాల్చెను. నాలుగవ వారమున మొదట ఆ సంఘపెద్దయొద్దకు వెళ్లి, “అన్నా, ఆ దినమున నేను అబద్ధమాడితిని, మీమీద భయముచేత ఆడితిని” అని చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండి, కాఫీ తెప్పించి ఇచ్చెను. పిమ్మట రెండు నెలలు నాతో ముభావముగా ఉండెను. ఆయన ఇంటినుండి నేను తిన్నగా క్రింది పేటకు నడచితిని. ముందుగా కబురు పంపలేదు. మధ్యాహ్నము రెండు గంటలాయెను. ఆమె అరుగుమీద కూర్చుండి చేటలో బియ్యము ఏరుకొనుచుండెను. నన్ను చూచి గబగబ లేచి కొంగు సర్దుకొనెను.

“అమ్మా, తినడానికి ఏమైనా ఉందా?” అని అడిగితిని.

ఆమె క్షణకాలము నావంక చూచెను. “ఒంట్లో బాగయిందా అయ్యగారూ?” అనెను.

“ఇప్పుడిప్పుడే బాగవుతోందమ్మా” అంటిని.

ఆమె లోనికి వెళ్లి, గోడకు ఆనించిన అదే చాపను తెచ్చి పరచెను. ఆ దినమున కోడి లేదు. ఉదయము వండిన అన్నము, గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ. తానును ఒక పళ్లెము తెచ్చుకొని నా ఎదుట కూర్చుండి, “ప్రార్థన చెయ్యండి, అన్నం చల్లారిపోయింది” అనెను.